ఒత్తులు రాలిన జాబితా

నల్లగొండ గడియారం సెంటర్ల
జిరాక్సు షాపు మీది గది నాది.
బోరు నీళ్ల పరీక్షల పాత రిజిస్టర్లను
కంప్యూటర్లకు ఎక్కియ్యడం కాంట్రాక్టు.
పదకొండు వేల ఏడు వందల బోర్లు.
బోరుకొక పేరు, పేరుకొక ఊరు,
ఊరు పక్కన ఫ్లోరైడ్ అంకె.

పేర్లను ఏరనీకి ఒక నమూనా రాసిన, ఒక్కటే వరుస:
అక్షరమైతే పట్టు, కాకుంటే పారెయ్యి.
అక్షరమంటే ఏందని మిషను అడగలే,
నేనూ చెప్పలే.

దానికి గుడి అక్షరం గాదు, కొమ్ము గాదు.
సున్నను చెత్తల కలిపింది.
ఒత్తును మెడవట్టి గెంటింది.
మర్రిగూడ మరరగడ అయింది,
చింతపల్లి చతపలల.
నేను చూసుకునేసరికి
మూడొందల రశీదులు అచ్చయి పోయినయి.

అండ్ల ఒకటి పట్టుకొని
ఒకామె మెట్లెక్కి వచ్చింది.
నడుము వంగి, మోకాళ్లు ఎడమై,
ఒక్కో మెట్టుకు ఒక్కో ఊపిరి.
ఎంట ఆరో తరగతి మనుమరాలు.
పిల్ల కూడబలుక్కొని చదివింది:
ఈ... ద... మ... మ...

ముసలామె నవ్వింది, గారపట్టిన పండ్లతోని.
"నావే ఊడుతున్నయనుకున్న,
నా పేరుకు గూడ పండ్లూడినయా కొడకా?"

ఆ రాత్రి షాపు షట్టర్ దించినంక
లైబ్రరీ పత్రాలు మొదటిసారి
మొదటి నుంచి చదివిన.

'స్త్రీ' అని నోరు ఒక్కసారే అంటది.
మిషను కడుపుల అది ఆరు ముక్కలు.
చుక్క పెట్టి 'ఏదైనా ఒక్కటి' అంటే
మొదటి ముక్క కొరికి
మిగిలింది కంచంల వదిలేస్తది.
యూనికోడ్ జెండా ఎగరేసిన.
అక్షరం ఎంబడి దాని గుర్తులన్నీ
ఒకే కుటుంబం కింద రాయించిన.

మైసయ్యలు ఇద్దరు తేలిన్రు,
ఒక్క ఇల్లు, ఒక్క బోరు.
ఒకాయన ఐత్వం ఒక్క ముక్క,
ఇంకొకాయనది రెండు ముక్కల అతుకు.
తెరమీద కవలలు, లోపల పరాయోళ్లు.
తూకానికి ముందు కాంటా సరిచేసినట్టు
అందర్ని ఒక్క రూపుకు తెచ్చి అప్పుడు పోల్చిన.

జాన్‌పాషా పేరు నడుమ
కంటికి కానరాని సన్నని తెర ఒకటుంది.
నకారాన్ని పకారం నెత్తికెక్కనియ్యదు.
చెత్తనుకొని ఊడ్వబోయి ఆగిన.
అది ఆయన పేరు,
కనపడనంత మాత్రాన నాదయితదా?

భయమేసింది మాత్రం అంకెల కాడ.
ఎప్పటి గుమాస్తానో ౩.౮ అని తెలుగుల రాసిండు.
నా నమూనా 'అంకెనే' అని తలూపింది.
తర్వాతి ప్రోగ్రాముకు సున్నా నుంచి తొమ్మిది దాక
ఇంగ్లీషు అంకెలే ఎరుక.
తెలియనిదాన్ని సున్నా అనుకున్నది.
ఎముకలు వంచే నీళ్లు
నా జాబితాల మంచినీళ్లయినయి.
ఎన్ని బోర్లని లెక్కపెట్టిన. నలభై ఒకటి.
చాయ చల్లారిపోయింది.

ఇంకో తప్పు గూడ ఒప్పుకుంటున్న.
నక్షత్రం లోపల నక్షత్రం పెట్టిన ఒక కాడ.
మూయని బ్రాకెట్ ఒక్కటి తగలంగనే
దారి తప్పినోడు చౌటుప్పల్ దాక పోయి
మల్లా ఇంటికొచ్చి ఇంకో సందుల బయలెల్లినట్టు
తిరిగింది, తిరిగింది,
ఫ్యాను మొత్తుకుంటున్నా తిరిగింది.
లోపలి నక్షత్రం పీకేసిన.
రెండు సెకండ్లు దాటితే విడిచిపెట్టుమన్న.
విడిచిందాన్ని పారెయ్యకుండ
పక్కకు పెట్టుమన్న, నేను చూస్త.

సోమవారం ఆమె మళ్ల వచ్చింది.
కొత్త రశీదు తీసి
ఒత్తుతో సహా పిల్ల చేతికిచ్చిన,
లోపల కొంచెం గర్వం.
పిల్ల గుక్కతిప్పుకోకుండ చదివింది: ఈదమ్మ.

ముసలామె నా మొఖం చూసింది.
"ఈదమ్మ ఎవలు బిడ్డా?
నేను ఇద్దమ్మను."

రిజిస్టర్ తీసిన. నీలం సిరా, గుండ్రని చేవ్రాత.
ఈదమ్మ అనే ఉంది.
ముప్పై ఏండ్ల కింద ఎవరో
సగం చెవితో విని రాసిన్రు.

కుర్చీ జరిపి కూసోమన్న.
"ఇంకోసారి చెప్పు అవ్వా,
మెల్లగ."